బందరు లడ్డు, పెసరట్టు, మిరపకాయ బజ్జీ - అష్ట ఆహారవిధి దృష్టితో ఒక పరిశీలన

వీథిలో అమ్మే ఫలహారం తినవచ్చునా, కూడదా అనే ప్రశ్న మధ్యతరగతి గృహాలలో తరచుగా వినబడుతూ ఉంటుంది. పిల్లలు కావాలంటారు, పెద్దలు వద్దంటారు, చివరకు వద్దన్నవారే పొట్లం విప్పుతారు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం ఆయుర్వేద పద్ధతి కాదు. పదార్థం ఏమిటి, ఎట్లా వండినది, దేనితో కలిపినది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, ఏ నియమంతో, ఎవరు తింటున్నారు అని ఎనిమిది విధాల విచారించిన తరువాతనే పథ్యాపథ్య నిర్ణయం చేయవలెనని చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయం బోధిస్తున్నది. ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త అనే ఈ ఎనిమిదింటికి అష్ట ఆహారవిధి విశేషాయతనాలని పేరు. పేరు పెద్దదే కాని విషయం మన వంటింటి అనుభవానికి దూరమైనది కాదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకొనండి. గుడివాడలో నివాసం. తాతగారికి అరవై రెండేళ్ళు, పదేళ్ళుగా మధుమేహం, కొద్దిగా రక్తపోటు. కోడలు ఏడవ నెల గర్భవతి. మనుమడికి ఎనిమిదేళ్ళు. ఆదివారంనాడు అందరూ రైలులో బందరు వచ్చి, మంగినపూడి సముద్రతీరం చూసుకొని, సాయంకాలం కోనేరు సెంటరు ప్రాంతంలో జనం మూగి ఉన్న ఒక హోటలు ముందు నిలుచున్నారు. లోపల పెనంమీద పెసరట్టు పడుతున్న చప్పుడు, బయట బాణలిలో బజ్జీలు, ప్రక్క అద్దాల బీరువాలో లడ్డూలు, నల్లని హల్వా. వీరిలో ఎవరు ఏది తినవలెను? ఒకే బల్లమీద కూర్చున్న నలుగురికి నాలుగు జవాబులు ఉన్నవి. ఆ జవాబులకు చేరడానికి ముందు పదార్థాల సంగతి చూద్దాం.

ప్రకృతి: మూడు పప్పుధాన్యాల స్వభావం

ప్రకృతి అంటే పదార్థానికి పుట్టుకతో ఉన్న గుణం. దిగువ కృష్ణా ప్రాంతపు ఫలహారాలన్నీ దాదాపుగా మూడు పప్పుధాన్యాల చుట్టూ తిరుగుతవి: పెసలు, మినుములు, శనగలు. మొదటి రెండూ ఈ నేలలో విరివిగా పండేవే. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము, పెసర విత్తనం చల్లి, మాగాణిలో మిగిలిన తేమతోనే పంట తీయడం డెల్టా రైతుకు తరతరాలుగా తెలిసిన విద్య. కావున ఈ ప్రాంతంలో ఇడ్డెన, అట్టు, గారె ప్రతి కూడలిలోను దొరకడం ఆశ్చర్యం కాదు.

పెసలు లఘువు, శీతలం, కొంచెం రూక్షం. కఫపిత్తాలను తగ్గిస్తవి. పప్పుధాన్యాలలో పథ్యమైనవాటిలో పెసలకు చరకుడు అగ్రస్థానం ఇచ్చినాడు. జ్వరం తగ్గినవారికి పెసరకట్టు ఇవ్వడం అందువలననే. అదే పట్టికలో పప్పుధాన్యాలన్నింటిలోను అపథ్యమైనదిగా మినుములను పేర్కొన్నాడు. దీనిని చదివి గారెలు మానివేయనవసరం లేదు. మినుములు గురువు, స్నిగ్ధం, ఉష్ణం. వాతాన్ని అణచి బలాన్ని, శుక్రాన్ని వృద్ధి చేస్తవి, మలాన్ని అధికం చేస్తవి. పొలంలో పనిచేసే మనిషికి అది ఔషధం వంటిది. కుర్చీలో కూర్చుని దినం గడిపేవారికి రోజూ తగదు. అపథ్యమంటే విషమని కాదు, నిత్యం వాడదగినది కాదని అర్థం.

ఇక శనగలు. లఘువైనప్పటికీ రూక్షం, వాతకరం. శనగపిండి వంటకం తిన్న రాత్రి పొట్ట ఉబ్బరించడం అందరికీ అనుభవమే. బజ్జీ, పకోడీ, లడ్డు మూడింటికీ మూలం ఈ పిండియే కదా, మరి లడ్డు తింటే అంత ఉబ్బరం లేకపోవడానికి కారణమేమి? దానికి జవాబు రెండవ ఆయతనంలో ఉన్నది.

కరణం: లడ్డును తొక్కడంలోని శాస్త్రం

కరణం అంటే సంస్కారం. నీటి స్పర్శ, అగ్ని సంయోగం, శుభ్రపరచడం, మథనం, పాత్ర, నిలువ ఉంచిన కాలం, ఇవన్నీ ద్రవ్యానికి సహజంగా లేని గుణాలను కలిగిస్తవి. వడ్లు గురువు, వాటినే వేపి పేలాలు చేస్తే లఘువు. మరమరాల మిక్చరు వీథి తినుబండారాలన్నింటిలో తేలికైనది కావడానికి ఇదే కారణం.

సంస్కారం ఎంత పని చేయగలదో చూడదలచినవారు బందరు లడ్డు తయారయ్యే తీరు చూడవలెను. బుందేల్‌ఖండ్ ప్రాంతం నుండి వలస వచ్చిన బొందిలీలు ఈ విద్యను బందరుకు తెచ్చినారని ఊరిలో చెప్పుకొంటారు. శనగపిండిని మెత్తగా కలిపి జంతికల గొట్టంతో లావుపాటి పూసగా వత్తి నేతిలో వేయిస్తారు. ఆ పూసను రోటిలో పోసి రోకళ్ళతో దంచి, జల్లించి, పలుకు లేని పొడిగా చేస్తారు. బెల్లం పాకం పట్టి అందులో ఈ పొడిని కలుపుతారు. అంతటితో కాలేదు. ఆ ముద్దను నెయ్యి పోస్తూ మరల దంచుతారు. యాలకుల పొడి చేర్చి ఉండ కడతారు. ఇంతగా దంచబడుతుంది కనుకనే దీనికి తొక్కుడు లడ్డు అని పేరు వచ్చినది. నోట వేసుకొంటే కొరకవలసిన పని లేక కరిగిపోతుంది.

ఈ క్రమాన్ని వైద్యుని కంటితో చూడండి. శనగ రూక్షతను నెయ్యి హరించినది. పచ్చిపిండి దోషం రెండుసార్ల అగ్నిసంయోగం వలన పోయినది. దంచడం వలన కణం సూక్ష్మమై జఠరాగ్నికి పని తగ్గినది. వాతాన్ని అనులోమం చేసే యాలకి చివర చేరినది. పంచదార పాకంలో బూందీ వేసి చేసే మామూలు లడ్డుకు ఇంత సంస్కారం లేదు. అయితే సంస్కారం ఒక దోషాన్ని తీసి మరియొక గుణాన్ని ఇచ్చినది: ఈ లడ్డు అతి గురువు. ఇంట్లో చేసుకొనేవారు పిండికి దాదాపు సమంగా బెల్లం, అందులో సగం నెయ్యి వేసినా, యాభై గ్రాముల లడ్డులో ఇరవై గ్రాములు బెల్లమే. ఈ అంకెను గుర్తుంచుకొనండి, తాతగారి విషయంలో అవసరపడుతుంది.

హల్వా మార్గం వేరు. గోధుమలు నానబెట్టి రుబ్బి, పాలు పిండి, ఆ పాలను బెల్లంతో, నేతితో గంటల తరబడి కలియబెడుతూ ఉడికిస్తారు. గోధుమ స్వతహాగా గురువు, స్నిగ్ధం. అందులోని పొట్టు అంతా పోయి సారం మాత్రమే మిగులుతుంది కనుక మలబద్ధం ఉన్నవారికి హల్వా సరిపడదు. పసివారికి ఒక చిన్న ముక్క చాలు.

నిలువ ఉంచడం కూడ సంస్కారమే అన్నాము. ఇడ్డెన పిండి ఒక రాత్రి పులిస్తే రుచి, జీర్ణసౌలభ్యం కలుగుతవి. మినుములతో చేసే ఇడ్డరిక అనే భక్ష్యాన్ని పన్నెండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసంలో వర్ణించినాడు. మన ఇడ్డెనకు అది పూర్వరూపమని పండితుల అభిప్రాయం. ఉదయం మిగిలిన అట్లపిండి సాయంకాలానికి పునుగులుగా మారడం హోటళ్ళలో సర్వసాధారణం. అప్పటికి ఆమ్లత మించిపోయి ఉంటుంది. దానిని నూనెలో వేయిస్తే ఆమ్లం, స్నేహం, ఉష్ణం కలిసి పిత్తాన్ని రేపుతవి. గుండెలో మంట, పుల్లని త్రేన్పులు ఉన్న ఆమ్లపిత్త రోగులు పునుగుల జోలికి పోరాదు. తినదలచితే ఉదయపు పిండితో వేసినవి, వేడివి, నాలుగు చాలును.

నూనె సంగతి విడిగా చెప్పవలెను. పూర్వం నువ్వుల నూనె, వేరుశనగ నూనె వాడేవారు, నేడు చవకైన పామాయిల్ బండ్లన్నింటిమీదికి వచ్చినది. ఇందులో దాదాపు సగం సంతృప్తమైన కొవ్వు. అంతకంటె పెద్ద దోషం, ఒకే నూనెను మరల మరల కాచడం. కాగినకొద్దీ నూనెలో పోలార్ సమ్మేళనాలనే హానికర పదార్థాలు పెరుగుతవి. అవి 25 శాతం మించిన నూనెను వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం 2018 జూలై 1 నుండి అమలులో ఉన్నది. మనం బండి దగ్గర పరీక్ష చేయలేము. కాని కన్ను, ముక్కు ఉన్నవి. బాణలిలో నూనె నల్లబడి, జిగటగా, అంచులకు నురుగు పట్టి, బజ్జీ వేయకముందే కళ్ళు మండించే పొగ వస్తూ ఉంటే ఆ బండి దాటిపోవలెను. జనం లేని హోటలుకంటె జనం ఉన్న హోటలు మేలనే లోకోక్తిలో కొంత నిజమున్నది. సరుకు నిలువ ఉండదు, నూనె త్వరగా ఖర్చవుతుంది, క్రొత్తది పోయక తప్పదు.

సంయోగం: బజ్జీలో వాము ఎందుకు?

మిరపకాయను నిలువుగా చీల్చి, చింతపండు గుజ్జులో నూరిన వాము, ఉప్పు కూరి, శనగపిండిలో ముంచి వేయించడం మన బజ్జీ పద్ధతి. వాము లేకుండ వేసిన బజ్జీని ఈ ప్రాంతపు వారు బజ్జీగా లెక్కించరు. రుచికని తింటాము కాని, ఆ గింజ అక్కడ ఉండడానికి కారణం వేరు. శనగపిండి వాతాన్ని కూడబెడుతుంది, వాము దానిని విడుదల చేస్తుంది. దీపన, పాచన, శూలహర గుణాలున్న వామును వాతకరమైన పిండితో కలపడం తగిన సంయోగానికి మంచి ఉదాహరణ. ఏ సంహితా చదవని వంటమనిషి చేతికి ఈ సూక్ష్మం తెలిసి ఉండడం మన వంట సంప్రదాయానికి గర్వకారణం.

ఇక్కడ ఒక మాట. మిరపకాయ చరకునికి, సుశ్రుతునికి తెలియదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ఓడలలో పదహారవ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చినది. అంతకు పూర్వం మన కారం మిరియం, పిప్పలి, శొంఠి. మిరప ఉష్ణం, తీక్ష్ణం అయినా, శొంఠి వలె విపాకంలో మధురం కాదు. కావున మూలవ్యాధి, పేగుపూత ఉన్నవారు బజ్జీకి బదులు మిరియాల పొడి చల్లిన వేడి ఇడ్డెన కోరవలెను.

పెసరట్టు సంయోగం ఇంకొక విధమైనది. పొట్టుతో ఉన్న పెసలు నాలుగైదు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిరప, జీలకర్ర చేర్చి రుబ్బి, పులియబెట్టకుండ వెంటనే పోసేది. ప్రక్కన అల్లం పచ్చడి. పెసల శీతగుణాన్ని అల్లపు ఉష్ణం సరిచేస్తుంది. భోజనానికి ముందు సైంధవ లవణంతో అల్లం నమలడం సదా పథ్యమని భావప్రకాశం చెప్పిన మాట ఇందుకు అనుకూలం. కాని హోటలు అల్లం పచ్చడిలో బెల్లం, చింతపండు, ఉప్పు మూడూ దండిగా ఉంటవని మరువరాదు. పెసరట్టులో ఉప్మా పెట్టించడం రుచికి రుచే, కాని తేలికైన ఫలహారం కాస్తా పూర్తి భోజనమవుతుంది. అది తిన్నవారు రాత్రి అన్నం మానవలెను. చాలమంది మానరు.

పెరుగావడ సాయంకాలం హోటళ్ళలో బాగా అమ్ముడుపోతుంది. మినుములు గురువు, పెరుగు అభిష్యంది, రాత్రివేళ పెరుగు తినరాదని చరకుని స్పష్టమైన నిషేధం. దగ్గు, ఉబ్బసం ఉన్నవారు దీనిని పగటిపూటకు పరిమితం చేసుకొనవలెను. అవనిగడ్డ, నాగాయలంక వైపు వెళ్ళినవారు చేపల వేపుడు తిని, తరువాత బాదంపాలు త్రాగుతూ ఉండడం చూస్తాము. చేపలు, పాలు విరుద్ధాహారానికి శాస్త్రం చూపిన ప్రధానోదాహరణ. రెంటికీ మధ్య ఒక పూట వ్యవధి ఉండవలెను.

దేశం, కాలం: అసలు ప్రమాదం నీటిలో ఉన్నది

ఇంతవరకు చెప్పిన దోషాలు కడుపు ఉబ్బరం, మంట, బరువు వంటివి. ఒక పూట లంఘనంతో పోతవి. ప్రాణం మీదికి తెచ్చే దోషం పిండిలోను, నూనెలోను లేదు. అది నీటిలో ఉన్నది.

సముద్రానికి, నదికి నడుమ పల్లంగా, తేమతో, చెరువులతో ఉండే ఈ నేల శాస్త్రపరిభాషలో అనూప దేశం. కఫప్రధానం. ఇక్కడి ప్రజలు కారం, అల్లం, వెల్లుల్లి ధారాళంగా వాడడం దేశసాత్మ్యమే. కాని అనూప దేశానికి వేరొక కష్టమున్నది. తీరానికి దగ్గరగా భూగర్భజలం ఉప్పన. దివిసీమలో, బందరు పరిసరాలలో త్రాగునీటికి కాలువ చివరనుండి వచ్చి చెరువులో నిలిచిన నీరే ఆధారం. విజయవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తయి, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాత కూడ, ఎగువ ఊళ్ళన్నీ దాటి చివరి భూములకు చేరే నీరు ఎన్ని మలినాలను మోసుకొని వస్తుందో ఊహించవచ్చును. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమ వృద్ధులకు, తుఫాను తరువాత మంచినీటి చుక్క కొరకు పడిన అవస్థ ఎవరూ చెప్పనవసరం లేదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చి లంకగ్రామాలు మునిగినవి. అటువంటి వరదల తరువాత వారాల తరబడి నీటిని నమ్మరాదు.

వర్షఋతువులో జఠరాగ్ని సహజంగానే మందగిస్తుంది, వాతం ప్రకోపిస్తుంది. సరిగా ఆ కాలంలోనే నీరు చెడుతుంది. రెండూ కలిసి అతిసారం, సన్నిపాత జ్వరం, పచ్చకామెర్లు వ్యాపిస్తవి. కావున ఆషాఢం నుండి ఆశ్వయుజం దాకా బయటి ఫలహారంలో నీటికి సంబంధించిన భాగాన్ని వదలివేయవలెను. నీటికి సంబంధించిన భాగమంటే ఏది? ఆవిరిమీద ఉడికిన ఇడ్డెనలో సూక్ష్మజీవి మిగలదు. పెనంమీద కాలిన అట్టులో మిగలదు. కాగిన నూనెలో అసలే మిగలదు. మిగిలేది పచ్చినీళ్ళు పోసి జారుగా చేసిన కొబ్బరి పచ్చడిలో, బజ్జీమీద చల్లే కోసిన ఉల్లిపాయలలో, తొట్టెలో ముంచి తీసిన పళ్ళెంలో, బల్లమీద పెట్టిన గ్లాసులో, సుగంధిపాల షర్బత్‌లో వేసిన మంచుగడ్డలో. సుగంధిపాల శీతలం, రక్తశోధకం, నిస్సందేహంగా మంచిది. ఆ మంచుగడ్డ మాత్రం ఏ నీటితో గడ్డకట్టినదో అమ్మేవానికి కూడ తెలియదు. బజ్జీ తిని ఉల్లిపాయ వదలివేయమని చెప్పడం కష్టమే. రుచి అంతా అక్కడే ఉన్నదంటారు. అయినా చెప్పవలెను.

ఇంటి విషయంలో మన పెద్దలకు తెలిసిన ఒక ఉపాయం ఇండుపగింజ. చిల్లగింజ అని కూడ అంటారు. సంస్కృతంలో కతకం. దానిని బిందె లోపలి అంచుకు కొంచెం అరగదీస్తే మట్టినీరు తేరుతుంది. నీటిని తేర్చే సాధనాలలో సుశ్రుతుడు దీనిని పేర్కొన్నాడు. తేరిన నీరు కంటికి స్వచ్ఛమే కాని సూక్ష్మజీవి రహితం కాదు. తేర్చి వడగట్టిన తరువాత ఒక నిమిషం పాటు తెరలుకాగనిచ్చి చల్లార్చవలెను. ఏనాడు కాచినవి ఆనాడే త్రాగవలెను. కాచి రాత్రి నిలువ ఉంచిన నీరు త్రిదోషకరమని వాగ్భటుని మాట. బందరు వెళ్ళేవారు ఆ నీటినే సీసాలో వెంట తీసుకొనిపోవడం ఉత్తమం.

పొట్లం కట్టే కాగితం గురించి కూడ ఇక్కడే చెప్పాలి. వేడి బజ్జీని వార్తాపత్రికలో చుడితే సిరాలోని సీసం వంటివి నూనెలో కరిగి కడుపులోకి పోతవి. అట్లా చుట్టరాదని పైన చెప్పిన సంస్థ 2016లోను, మరల 2023లోను హెచ్చరించినది. అరటి ఆకుముక్కలో పెట్టించుకొంటే ఆ బాధ లేదు. అడిగితే చాలమంది కాదనరు.

కాలాన్నిబట్టి దొరికే మంచి పదార్థాన్ని కూడ చెప్పకపోతే అన్యాయం. శీతకాలంలో ఈ ప్రాంతపు బస్టాండ్లలో తేగల కట్టలు అమ్ముతారు. తాటి టెంకలను పాతిపెట్టి, మొలకెత్తినవాటిని త్రవ్వి, కుండలో కాల్చినవి. నీటి స్పర్శ లేదు, నూనె లేదు, పీచు అధికం. నమిలి తినవలసినవి కనుక ఎక్కువ తినలేము. లోపలి చందమామ కొరకు పిల్లలు పోట్లాడుకోవడం మనకందరికీ తెలిసినదే. అగ్నిబలం బాగుండే హేమంతంలో మాత్రమే అవి రావడం కూడ ప్రకృతి ఏర్పాటే. మందాగ్ని ఉన్నవారు ఒక తేగతో ఆగి, మిరియాల కషాయం పుచ్చుకొనవలెను.

రాశి, ఉపయోగసంస్థ

రాశి రెండు విధాలు. మొత్తం ఎంత తిన్నామనేది సర్వగ్రహం, ఒక్కొక్క పదార్థం ఎంత అనేది పరిగ్రహం. బండి దగ్గర మనం పరిగ్రహమే చూసుకొంటాము: రెండే బజ్జీలు, ఒకటే అట్టు, ఒకటే లడ్డు. మూడూ కలిపితే ఎంత అయినదో ఎవరూ చూడరు. కడుపులో ఒక భాగం ఘనానికి, ఒక భాగం ద్రవానికి, ఒక భాగం దోషాల సంచారానికి విడువవలెనన్న నియమం ఫలహారానికి కూడ వర్తిస్తుంది. మధ్యాహ్న భోజనం జీర్ణమై ఆకలి పుట్టిన తరువాతనే, వేడిగా ఉండగా, కూర్చుని, నమిలి తినవలెను. బస్సు కదులుతున్నదని నిలబడి మింగినది అజీర్ణం చేస్తే ఆ తప్పు వంటవానిది కాదు.

ఉపయోక్త: నలుగురికి నాలుగు విస్తళ్ళు

ఇప్పుడు మన కుటుంబం దగ్గరకు వద్దాం. తాతగారికి పెసరట్టు తగినది, ఉప్మా లేకుండ, ఒకటి. పొట్టుపెసలు రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతవి. అల్లం పచ్చడి చెంచాడుకు మించరాదు. అందులోని ఉప్పు రక్తపోటుకు, బెల్లం మధుమేహానికి కీడు. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. ఒక చెంచాడంత అది. ఇక లడ్డు. “పంచదార కాదు గదా, బెల్లమే గదా” అని మధుమేహరోగులు తమను తాము సమాధానపరచుకొంటారు. బెల్లంలో పంచదారకు లేని ఖనిజాలు కొన్ని ఉన్న మాట నిజం. కాని అందులో అత్యధిక భాగం చక్కెరే, రక్తంలో చక్కెరను పెంచడంలో రెంటికీ భేదం లేదు. యాభై గ్రాముల లడ్డులో ఇరవై గ్రాముల బెల్లమని ముందు లెక్కవేసినాము. మనుమడి లడ్డు నుండి గోలీ అంత తుంచి నోట వేసుకొని రుచి చూడడం వరకే వారి భాగం. మరియొక జాగ్రత్త: సాయంకాలం హోటలులో తినవచ్చునని మధ్యాహ్నం మాత్ర వేసుకొని భోజనం మానరాదు. ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు వాడేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చును.

కోడలి విషయం మిక్కిలి ముఖ్యం. కలుషితమైన నీటి ద్వారా వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం సామాన్యులకు కొన్ని వారాలలో తగ్గిపోతుంది. గర్భిణులలో, ప్రత్యేకించి చివరి మూడు నెలలలో, అది కాలేయాన్ని దెబ్బతీసి నూటికి ఇరవై, ఇరవైఐదు మందిని కూడ బలిగొన్న సందర్భాలున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఏడవ నెలలో ఉన్న స్త్రీ కోరిక తీర్చడం మన ఆచారం, దౌహృదాన్ని తిరస్కరించరాదని శాస్త్రం కూడ చెప్పినది. అందుచేత ఆమెను వట్టి చేతులతో కూర్చోబెట్టనవసరం లేదు. కళ్ళ ఎదుట కుక్కర్ నుండి తీసిన ఇడ్డెనలు, కారప్పొడి, నెయ్యి. లేదా పెనంమీదినుండి నేరుగా వచ్చిన పెసరట్టు. ఒక బందరు లడ్డు నిర్భయంగా తినవచ్చును, అందులో పచ్చినీరు లేదు, గర్భిణీ మధుమేహం లేకపోతే చాలు. జారు పచ్చడి, ఉల్లిపాయలు, మంచుగడ్డ వేసినవి, పానీపూరీ, హోటలు మంచినీళ్ళు ఆమెకు పూర్తిగా నిషిద్ధం.

ఎనిమిదేళ్ళ పిల్లవాడికి కారం తక్కువ బజ్జీ ఒకటి, మరమరాల మిక్చరు ఉల్లిపాయ లేకుండ, లడ్డు సగం. చేతులు సబ్బుతో కడిగించడం మరువరాదు. ఇంక నాలుగవవాడు, బరువు మోసుకొచ్చిన కొడుకు. ఆరోగ్యవంతుడు, ఆకలిగొన్నవాడు. అతడు కొసరి కొసరి తిన్నా ఆయుర్వేదం పెద్దగా అడ్డు చెప్పదు.

తిన్న తరువాత బాధ కలిగితే

ఉబ్బరం, త్రేన్పులు మాత్రమే ఉంటే అర చెంచాడు వాము, చిటికెడు ఉప్పుతో నమిలి గోరువెచ్చని నీరు త్రాగవలెను. లేదా పావు చెంచాడు శొంఠిపొడి మజ్జిగలో. తరచు వాతం చేరేవారు ఇంగువ, త్రికటుకాలు మొదలైన ఎనిమిది ద్రవ్యాల హింగ్వష్టక చూర్ణాన్ని భోజనంలో మొదటి ముద్దకు నేతితో కలిపి తీసుకొంటారు. గర్భిణులు, రక్తపోటు, కడుపులో పుండు ఉన్నవారు వైద్యుని అడగనిదే వాడరాదు. మరుసటి పూట లంఘనం, తరువాత పెసరకట్టు, మెత్తని అన్నం.

నీళ్ళ విరేచనాలు మొదలైతే మొదటి ఔషధం నీరు. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కరిగించి, ప్రతి విరేచనం తరువాత కొద్దికొద్దిగా పట్టవలెను. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం, కొలత తప్పరాదు. తల్లిపాలు మానిపించరాదు. దానిమ్మ తొక్క కషాయం వంటి స్తంభన ఔషధాలతో మొదటనే విరేచనం కట్టించడం శాస్త్రసమ్మతం కాదు, ఆమదోషం లోపలే నిలిచిపోతుంది. రక్తం పడినా, జ్వరం వచ్చినా, కళ్ళు గుంటలు పడినా, ఆరుగంటలసేపు మూత్రం రాకపోయినా, పిల్లవాడు త్రాగలేక వాడిపోయినా చిట్కాలతో కాలం గడపక ఆసుపత్రికి పోవలెను.

పచ్చకామెర్లు బయటపడేది తిన్న మరునాడు కాదు. రెండు నుండి పది వారాల వరకు ఎప్పుడైనా కావచ్చును. అప్పటికి ఆ ఆదివారపు ప్రయాణం ఎవరికీ జ్ఞాపకముండదు. ఆకలి చచ్చిపోవడం, వికారం, మూత్రం ముదురు పసుపుగా రావడం తొలి లక్షణాలు. పల్లెలలో ఈ వ్యాధికి ముక్కులో పసరు పిండడం, చేతిపై వాత పెట్టడం నేటికీ కనిపిస్తవి. నేల ఉసిరిక, కటుకరోహిణి వంటివి కాలేయానికి హితకరాలుగా శాస్త్రం చెప్పినవే అయినా, వాటిని వైద్యుడు రక్తపరీక్ష చూచి ఇవ్వవలెను. గర్భిణికి కన్ను పసుపెక్కినదంటే ఏ పసరూ, ఏ చూర్ణమూ ఇవ్వక, ఆనాడే పెద్దాసుపత్రికి తీసుకొనిపోవలెను.